కొద్దిమంది కొరకు గీచిన బొమ్మలు: జపాను వీడియో కథామాలికల చరిత్ర

కళకు ఆశ్రయము కావలెను. మన పూర్వులు తంజావూరు నాయకరాజుల కొలువులో రాజాశ్రయమును చూచినారు. నాటకశాలలును, సినిమాలును వచ్చిన పిమ్మట మనము ప్రజాశ్రయమును చూచినాము. ఈ రెండింటికిని నడుమ మూడవది యొకటి కలదు. అందు పోషించు ప్రభువు ఉండడు. లక్షలాది ప్రేక్షకులును ఉండరు. ఒక కళను మనసార కోరిన కొలదిమంది తమ చేతి సొమ్ము వెచ్చించి దానిని నిలుపుకొందురు. ఇట్టి ఆశ్రయము ఎంతటి పనిని చేయింపగలదో, ఎక్కడ తడబడునో తెలిసికొనుటకు జపాను దేశమున 1983 మొదలుకొని పది పన్నెండేండ్లు సాగిన ఒక చిన్న చరిత్ర చక్కని నిదర్శనము. పరభాషల నడుమ తరతరములుగా తెలుగును నిలుపుకొనుచున్న మనవంటి కుటుంబములకు ఇది తెలిసికొనదగినదని మేము తలచుచున్నాము.

కదలు బొమ్మల చిత్రములను జపాను వారు అనిమే అందురు. ఈ పేరు వినని వారి యిండ్లలోనికి సయితము ఆ బొమ్మలు వచ్చియే ఉన్నవి. 1993లో దూరదర్శనులో ఆదివారములందు హిందీ మాటలతో వచ్చిన జంగిల్ బుక్ కథలు జపానులో 1989-90 సంవత్సరములలో 52 భాగములుగా తయారైనవే. యూగో సాకో అను జపాను నిర్మాత మన దేశపు చిత్రకారుడు రామ్ మోహన్ గారితో కలసి తీసిన రామాయణ చిత్రము 2025 జనవరిలో తెలుగు మాటలతోను థియేటర్లకు వచ్చినది. అయితే మేమిక్కడ ముచ్చటింపబూనినవి ఇంటింటికి ప్రసారమైన పెద్ద ధారావాహికలు కావు. నాలుగు భాగములు, ఆరు భాగములు, మించిన ఏడెనిమిది భాగములతో ముగిసి, టెలివిజనులో గాక వీడియో టేపులపై నేరుగా అమ్ముడైన చిన్న కథామాలికలు. జపానులో వీటిని ఓవీఏ అను పొడి అక్షరములతో వ్యవహరింతురు. వీడియో కొరకే పుట్టిన బొమ్మల చిత్రమని ఆ పేరునకు తాత్పర్యము.

ఇవి పుట్టుటకు గల కారణము తెలియవలెనన్న ఇరువదేండ్లు వెనుకకు పోవలెను. 1963 జనవరి 1వ తేదీన ఒసాము తెజుకా అను ప్రసిద్ధ చిత్రకారుని ముషి స్టూడియో నుండి తెత్సువాన్ ఆటొము అను వారవారపు ధారావాహిక ఆరంభమైనది. అరగంట చిత్రమును వారమునకొకటి చొప్పున గీయుట సామాన్యమైన పని కాదు. చలనచిత్రములో క్షణమునకు 24 చట్రములు కదలును. ఒక్కొక్క బొమ్మను మూడేసి చట్రములకు నిలిపి, క్షణమునకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టుట జపాను వారికి అలవాటైనది. పెదవులు మాత్రము కదలును, ముఖము కదలదు. పరుగెత్తువాని కాళ్ళు అవే బొమ్మలతో మరల మరల తిరుగును. ఇంత పొదుపు చేసినను ప్రసార సంస్థ ఇచ్చు సొమ్ము ఖర్చులకు చాలెడిది కాదు. లోటును పూడ్చినవి వ్యాపార వస్తువులు. ఆటొము బొమ్మను మెయిజీ మిఠాయి కంపెనీ వారు తమ చాక్లెట్లతో పంచినారు. ఆనాటి నుండి ధారావాహిక అనగా మిఠాయికో ఆటవస్తువునకో ప్రకటన అన్న లెక్క స్థిరపడినది.

ఈ లెక్కలో కథకు స్వాతంత్ర్యము తక్కువ. 1974లో ఆరంభమైన యుద్ధనౌక యమతో కథను 39 భాగములుగా తలపెట్టి 26 భాగములకే ముగింపవలసి వచ్చినది. అదే వేళకు వేరొక కేంద్రములో ఆల్ప్స్ బాలిక హైదీ కథ వచ్చుచుండుటచే ప్రేక్షకులు అటు మరలినారు. 1979లో యొషియుకి తొమినో దర్శకత్వమున వెలువడిన గండామ్ అను యుద్ధకథ 52 భాగములు సాగవలసినది. ఆటవస్తువులు అమ్ముడుపోలేదని పోషకులు వెనుకంజ వేయగా 43వ భాగముతో ఆగినది. విచిత్రమేమనగా, ఈ రెండు కథలును ఆగిపోయిన పిమ్మటనే ప్రసిద్ధి కెక్కినవి. యమతో 1977లోను, గండామ్ 1981-82లోను వెండితెర కెక్కగా యువకులు బారులు తీరినారు. గండామ్ యంత్రముల నమూనాలను 1980 నుండి బందాయి కంపెనీ అమ్మగా విశేషముగా చెల్లినవి. చిన్నపిల్లలకని గీచిన బొమ్మలను చూచుచు పెరిగిన తరము ఒకటి ఉన్నదనియు, వారు కళాశాలకు వచ్చినను, ఉద్యోగములలో చేరినను వాటిని విడువలేదనియు వ్యాపారస్థులకు అప్పుడు బోధపడినది. ఆ తరము సంఖ్యలో చిన్నది, అభిమానములో గట్టిది, జేబులో సొంత జీతము కలది.

అదే కాలమున వారి యిండ్లకు క్రొత్త యంత్రమొకటి వచ్చినది. సోనీ వారి బీటామాక్సు 1975లోను, జేవీసీ వారి వీహెచ్‌ఎస్ 1976లోను వెలువడినవి. 1980 దాటిన పిమ్మట టేపులను అద్దెకిచ్చు దుకాణములు జపాను పట్టణములలో పెరిగినవి. ప్రసార సంస్థ అనుమతి అక్కరలేకుండ, మిఠాయి కంపెనీ దయ కొరకు వేచియుండకుండ, చూచువానికే నేరుగా చిత్రమును అమ్మవచ్చునను ఆలోచన దీని నుండి పుట్టినది. 1983 డిసెంబరులో పియెరో స్టూడియో తయారుచేసిన డలోస్ ఆ ఆలోచనకు తొలి ఫలము. హిసయుకి తొరియుమి, మమోరు ఒషీ అను ఇరువురు దీనికి దర్శకులు. నాలుగు భాగములతో ముగిసిన ఈ కథయే వీడియో కొరకు పుట్టిన తొలి బొమ్మల చిత్రమని చరిత్రకారులు లెక్కింతురు.

డలోస్ కథను మన పాఠకులకు కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. మానవులు చంద్రునిపై కాపురముండి, గనులు త్రవ్వి, ఆ సంపదను భూమికి పంపుచుందురు. తొలితరమునకు భూమి కన్నతల్లి. అక్కడివారు కడుపునిండ తినుటకే తాము ఈ శ్రమ పడుచున్నామన్న తృప్తి వారికి కలదు. మూడవ తరమునకు భూమి విన్న పేరు మాత్రమే. తమ శ్రమఫలము ఎక్కడికో పోవుచున్నది. తమపై అధికారము ఎక్కడి నుండియో వచ్చుచున్నది. షున్ నొనొమురా అను యువకుడు ఈ తరము వాడు. డాగ్ మెకాయ్ అను నాయకుడు నడుపు తిరుగుబాటులో అతడు క్రమక్రమముగా చిక్కుకొనును. ఆ ఊరి సమీపమున డలోస్ అను మహాయంత్రము ఒకటి కలదు. దానిని ఎవరు కట్టిరో తెలియదు. కాపురమున్నవారు దానిని దైవముగా కొలుతురు. కథ ముగిసినను ఆ రహస్యము విడదు, తిరుగుబాటునకు జయమును లేదు. హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో నాలుగైదు తరములుగా స్థిరపడిన కుటుంబములకు ఇందలి తాతకును మనుమనికిని గల భేదమును విడమరచి చెప్పనక్కరలేదు. తాతకు విడిచివచ్చిన నేల సత్యము; మనుమనికి పుట్టిన నేల సత్యము. ఇద్దరిలో ఎవరిని తప్పుపట్టుటకును వీలులేదు. ఇట్టి కథను ఆటవస్తువుల పోషకుడు ఆనాడు ఒప్పుకొనియుండునా అన్నది సందేహమే.

డలోస్ చూపిన దారిలో పెక్కు చిత్రములు వచ్చినవి. వానిలో 1988-89 సంవత్సరముల నడుమ వెలువడిన మూడింటిని ఈ కాలమునకు శిఖరములుగా మేము ఎన్నుచున్నాము.

మొదటిది పాట్లేబర్. మసామి యూకి, యుతాకా ఇజుబుచి, కజునొరి ఇతో, అకెమి తకాదా, మమోరు ఒషీ అను ఐదుగురు హెడ్‌గియర్ అను పేరుతో ఒక బృందముగా ఏర్పడి దీనిని కల్పించినారు. 1988 ఏప్రిలులో తొలి టేపు వెలువడినది. ఆరు భాగములతో ముగింపదలచి, ఆదరణ చూచి ఏడవదానిని చేర్చినారు. అప్పటికి ఒక్కొక్క టేపు ధర పదివేల యెన్‌లకు చేరువగా ఉండుట సాధారణము. పాట్లేబర్ వారు అరగంట టేపును 4,800 యెన్‌లకే అమ్మినారు. అద్దె దుకాణమును నమ్ముకొనక విద్యార్థి సయితము కొని దాచుకొనవలెనన్నది వారి ఊహ. కథ కూడ ఆ ధరకు తగినట్లు సామాన్యుల కథయే. కట్టడపు పనులకై పుట్టిన మహాయంత్రములను దుర్మార్గులు వాడినచో వారిని పట్టుకొనుటకు పోలీసులలో ఒక చిన్న శాఖ ఉండును. నోవా ఇజుమి అను యువతి తన యంత్రమునకు ముద్దుపేరు పెట్టుకొని కంటికి రెప్పవలె చూచుకొనును. భోజనము వేళకు రాకపోవుట, పై అధికారుల చీవాట్లు, పనిలేని మధ్యాహ్నములు, ఇవే కథలో ఎక్కువ. ఐదారు భాగములకు వచ్చుసరికి సైనికుల కుట్ర యొకటి నగరమును చుట్టుముట్టును. నవ్వించుచున్న కథ పరిపాలనను గూర్చి గంభీరమైన ప్రశ్న వేయును. చౌకధర ఫలించినది. 1989లోనే పాట్లేబర్ సినిమాగాను, టెలివిజను ధారావాహికగాను వచ్చినది. చిన్న వాకిటి నుండి బయలుదేరి రాజవీథికి చేరిన కథ యిది.

రెండవది గన్‌బస్టర్ అను ఆరు భాగముల కథ. గైనాక్స్ సంస్థ 1988-89లో మూడు టేపులుగా విడుదల చేసినది. హిదెయాకి అన్నోకు దర్శకుడుగా ఇదియే తొలి కథామాలిక. అంతరిక్షమున తండ్రిని పోగొట్టుకొన్న నోరికో అను బాలిక మహాయంత్రమును నడుపుట నేర్చి యుద్ధమునకు పోవును. మొదటి భాగము బడిపిల్లల ఆటల పోటీ కథవలె హాస్యముగా నడచును. పిమ్మట ఐన్‌స్టీను సిద్ధాంతము కథలోనికి వచ్చును. కాంతివేగమునకు చేరువగా పయనించువారికి కాలము మెల్లగా గడచును. నోరికో కొలది నెలలు యుద్ధము చేసి వచ్చుసరికి భూమిపై పదేండ్లు గడచియుండును. తనతో చదివిన కిమికో తల్లియై, చంటిబిడ్డతో ఎదురువచ్చును. నోరికో మాత్రము బడి విడిచిన నాటి బాలికయే. ఆ స్నేహితురాండ్రిద్దరు ఎదురుపడిన ఘట్టములో ఫిరంగి మ్రోత లేదు. కథలో మిక్కిలి కఠినమైన యుద్ధము అదియే. తుది భాగమును రంగులు లేక నలుపు తెలుపులలో తీసినారు. యుద్ధము ముగించి నోరికోయు, ఆమె తోడివీరురాలు కజుమియు మరలి వచ్చుసరికి భూమిపై పన్నెండువేల యేండ్లు గడచియుండును. చీకటిగా నున్న భూగోళముపై దీపములు ఒక్కసారిగా వెలిగి స్వాగతాక్షరములగును. అందొక అక్షరము తిరగబడి యుండును. ఇన్నివేల యేండ్లలో లిపి మరుగున పడినను, ఎవరో ఆ అక్షరములను గుర్తుంచుకొని, తప్పుగానైనను, దీపములతో వ్రాసినారు. అప్పుడు బొమ్మకు రంగు తిరిగి వచ్చును. లిపి తెలియని మనుమలు గల యిండ్లలో ఈ దృశ్యము చూచిన వారికి కన్ను చెమర్చక మానదు.

మూడవది గండామ్ 0080. దీనికి జేబులోని యుద్ధము అని ఉపనామము కలదు. 1989 మార్చి నుండి ఆగస్టు వరకు ఆరు భాగములుగా వచ్చినది. దర్శకుడు ఫుమిహికో తకయామా. కథనము హిరోయుకి యమాగా. గండామ్ కథలలో తొమినో గాక వేరొకరు దర్శకత్వము వహించినది ఇదే మొదలు. ఆల్ఫ్రెడ్ అను బడిపిల్లవానికి యుద్ధమనిన మహా ముచ్చట. అతడుండు తటస్థ నగరములోనికి శత్రుపక్షపు పడుచు సైనికుడు బెర్నార్డ్ రహస్యముగా చేరును. ఇరువురకు అన్నదమ్ముల వంటి చెలిమి కుదురును. పొరుగింటి యువతి క్రిస్టీనాయందు బెర్నార్డునకు మనసు నిలుచును. ఆమెయే ఎదుటిపక్షపు యంత్రమును నడుపు సైనికురాలని అతనికి తెలియదు. ఆమెకును అతని సంగతి తెలియదు. నగరము నాశనము కాకుండవలెనన్న ఆ యంత్రమును తాను పడగొట్టక తప్పదని నమ్మి బెర్నార్డు పోరునకు దిగును. ఆ ముప్పు అప్పటికే తొలగినదని బాలునకు తెలిసి పరుగున పోవునంతలో అంతయు ముగియును. చంపినదెవరో, చచ్చినదెవరో ఆ పిల్లవానికి ఒక్కనికే తెలియును, అతడెవరికిని చెప్పలేడు. తుదకు బడిలో పెద్దపంతులు యుద్ధమును గూర్చి ఉపన్యసించుచుండ బాలుడు వెక్కివెక్కి ఏడ్చును. యుద్ధము ముగిసినదని ఏడ్చుచున్నాడనుకొని తోడిపిల్లలు, త్వరలోనే మరొకటి వచ్చునులే అని ఓదార్తురు. యుద్ధయంత్రపు ఆటవస్తువులతో వర్ధిల్లిన ఒక పేరు క్రిందనే, ఆ ఆటలలోని మోహమును ప్రశ్నించిన కథ వెలువడుట చరిత్రలో గమనింపదగిన విషయము.

ఈ మూడింటికిని ఉమ్మడి గుణమేమి? కథ ముగియవలసిన చోటు మొదటి భాగము వ్రాయునప్పుడే రచయితకు తెలియుట. 52 వారములు నింపవలసిన ధారావాహికలో నాయకుడు ప్రతివారము గెలువవలెను. మరుసటి వారమునకు అతడు మిగిలియుండవలెను. ఆరు భాగముల కథలో అతడు ఓడవచ్చును, మరణింపవచ్చును, మారిపోవచ్చును. ప్రకటనదారుని మెప్పింప నక్కరలేదు గనుక మౌనమునకును చోటు దొరకును. వారమునకొకటి గాక నెలల ఎడముతో వచ్చుట వలన ఒక్కొక్క బొమ్మపై ఎక్కువ శ్రమ పెట్టుటకు వీలయ్యెడిది. పొట్టితనము ఒక్కటే దీనికి మూలము కాదు. 1988లో ఆరంభమైన గెలాక్సీ వీరుల కథనము అను గొప్ప ధారావాహిక 110 భాగములుగా 1997 వరకు సాగినది. దానిని చందాదారులకు వారవారము టపాలో పంపెడివారు. ముందుగా సొమ్ము చెల్లించి, ఓపికతో ఎదురుచూచిన చందాదారులే దానిని నడిపినారు. కనుక మూలము పరిమాణములో కంటె పోషకునికిని కథకునికిని గల నేరు సంబంధములోనే ఉన్నది.

ఈ ఆశ్రయమునకు దోషములును కలవు. వాటిని దాచుట చరిత్రకు ధర్మము కాదు. టెలివిజనుపై చెల్లని హింసయు, అశ్లీలతయు వీడియోలో చెల్లునని గ్రహించి చౌకబారు సరకు తయారుచేసినవారు పెక్కురు. రెండవ దోషము అసంపూర్తి. 1987లో ఆరంభమైన బబుల్‌గమ్ క్రైసిస్ 13 భాగములని తలపెట్టగా నిర్మాతల తగవుల వలన 1991లో ఎనిమిదింటితో ఆగినది. యసుహిరో ఇమగావా దర్శకత్వమున 1992లో మొదలైన జయంట్ రోబో ఏడు భాగములు ముగియుటకు ఆరేండ్లు పట్టినది. నమ్మి కొన్నవాడు ఎంతకాలము వేచియుండును? మూడవ దోషము సూక్ష్మమైనది. కొనువారు అభిమానులే గనుక, అభిమానులకు మాత్రమే తెలిసిన సంకేతములతో, పాతకథల ఎత్తిపొడుపులతో చిత్రములు నిండిపోయినవి. లోపలివారికి అవి ముచ్చటగొలుపును. క్రొత్తవానికి తలుపు మూయును. పైన చెప్పిన మూడు కథలు నేటికిని నిలుచుటకు కారణము, వాటికి పూర్వకథ తెలియనివాడు సయితము వచ్చి కూర్చుండి కంటతడి పెట్టుకొనగలుగుటయే.

1989 డిసెంబరు తుదికి శిఖరమునకెక్కిన జపాను షేర్ల ధరలు 1990లో కూలినవి. విరివిగా దొరకిన పెట్టుబడి క్రమముగా ఎండిపోయినది. 1995 అక్టోబరులో అన్నో దర్శకత్వమున టెలివిజనులో ఆరంభమైన ఇవాంజెలియన్ 26 భాగములతో ముగిసి దేశమును కదిపినది. వీడియోలో అభ్యసించిన నేర్పు అట్లు టెలివిజనునకు మరలి వచ్చినది. ఆ పిమ్మట రాత్రి పొద్దుపోయిన వేళలలో 12, 13 భాగముల చిన్న ధారావాహికలను ప్రసారము చేసి, వాటి టేపులను, డిస్కులను అమ్ముట వాడుకైనది. నేడు లోకమంతట యువకులు ఫోనులలో చూచుచున్న పన్నెండు భాగముల కథలకు తాతలు ఈ ఆరు భాగముల టేపులే. తాతలలో కొందరు మాత్రము మరుగున పడినారు. పేరుపొందిన కథలు క్రొత్త డిస్కులపైకి ఎక్కినవి. పేరు రానివి పెక్కు ఆనాటి టేపులపైననే మిగిలిపోయినవి. టేపుపై నుండు అయస్కాంతపు పూత కాలక్రమమున చెడును. కొన్న వారి పెట్టెలలో తప్ప మరెక్కడను లేని బొమ్మలు ఏటేట మాయమగుచున్నవి.

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపదగినవి కొన్ని కలవు. మన తెలుగు సంఘములు నడుపు నాటకములు, సంచికలు, బాలల తరగతులు కొద్దిమంది కొరకు కొద్దిమంది చేయుచున్న పనులే. ఇట్టి ప్రత్యేక సంచిక యొకటి వెలువడుటకు చందా యిచ్చినవారు, వ్రాసినవారు, అచ్చు దిద్దినవారు ఎందరో లెక్కింపవచ్చును. సంఖ్య చిన్నదని కృంగనక్కరలేదు. నాలుగు భాగముల డలోస్ ఒక యుగమును ఆరంభించినది. అయితే కోరుచున్నామని చెప్పుకొనుట చాలదు. పాట్లేబరు టేపును కొన్న విద్యార్థివలె చేతి సొమ్ముతో కొనవలెను. చిన్నదైనను తలపెట్టిన దానిని ముగింపవలెను. తెలుగు మాటాడగలిగియు చదువలేని మన పిల్లలకు అర్థమగునట్లు తలుపు తెరచి ఉంచవలెను. మన సంఘముల బీరువాలలో ఉన్న పాత నాటకప్రతులను, పాటల టేపులను, వార్షిక సంచికలను చెడిపోకముందే నకలు తీయించి దాచవలెను. ఈ పనికి పూనుకొనువారు ప్రతి ఊరి సంఘములోను ఇద్దరు ముగ్గురైనను లభింతురని మా నమ్మకము.